మూడో నియోజకవర్గం: ఓటు లేనివాడు చదివిన ఒక ఎన్నికల చరిత్ర

ఖాల్దియా, కైఫాన్, రౌదా, అదైలియా, ఖుర్తుబా, సుర్రా, యర్మూక్, జాబ్రియా, ఖైతాన్. కువైట్‌లో కొంతకాలం బతికిన తెలుగువారికి ఈ పేర్లు చిరునామాలు. ఒకరు ఖాల్దియాలో ఏదో ఇంట డ్రైవరు, ఒకరు సుర్రాలో వంటమనిషి, పదిమంది కలిసి ఖైతాన్‌లో ఒక గదిలో కాపురం. కువైటీ ఓటరుకు మాత్రం ఈ పేర్లన్నిటికీ కలిపి ఒకటే పేరు: మూడో నియోజకవర్గం. 2006లో చేసిన చట్టం దేశం మొత్తాన్ని ఐదు నియోజకవర్గాలుగా విభజించి, ఒక్కొక్కదానికి పదేసి స్థానాలు కేటాయించింది. అందులో మూడోది, నా దృష్టిలో, తక్కిన నాలుగింటికన్నా ఆసక్తికరమైన చరిత్ర కలిగినది. కువైట్ శాసనసభ చరిత్రలోని పెద్ద మలుపులలో చాలావాటికి ఇక్కడ ఒక ముఖమో ఒక వీధో సాక్ష్యంగా దొరుకుతుంది.

ఈ వ్యాసానికి ప్రేరణ గత ఏడాదిగా బల్లమీద పేరుకున్న నాలుగు పుస్తకాలు. ఫరా అల్ నకీబ్ రాసిన 'కువైట్ ట్రాన్స్‌ఫార్మ్‌డ్' (2016) నగర నిర్మాణ చరిత్ర. మేరీ ఆన్ టెట్రో రాసిన 'స్టోరీస్ ఆఫ్ డెమోక్రసీ' (2000) ఎన్నికల చరిత్ర. మైఖేల్ హెర్బ్ 'ది వేజెస్ ఆఫ్ ఆయిల్' (2014) చమురుకూ శాసనసభకూ గల బంధాన్ని పరిశీలిస్తుంది. అన్ న్గా లోంగ్వా 'వాల్స్ బిల్ట్ ఆన్ శాండ్' (1997) వలస కార్మికుల గురించి. నాలుగు పుస్తకాలూ నాలుగు దారులు. వాటిని ఒకే నియోజకవర్గం మీద పరచి చూస్తే ఏం కనిపిస్తుందన్నదే ఇక్కడి ప్రయత్నం.

ముందు నేల సంగతి చెప్పాలి. పాత కువైట్ ఒక ప్రాకారంలోపలి ఊరు. 1920లో కట్టిన మూడో గోడ దాని చివరి సరిహద్దు. షర్ఖ్, ఖిబ్లా, మిర్గాబ్ అన్న మూడు పేటలు, సముద్రం ఒడ్డున ముత్యాల వ్యాపారుల ఇళ్ళు, వెనుక ఎడారి. చమురు డబ్బు రాగానే 1952లో బ్రిటిష్ నగర రూపకర్తలచేత ఒక బృహత్ ప్రణాళిక వేయించారు. పాతనగరంలోని ఇళ్ళను ప్రభుత్వం ఉదారమైన ధరలకు కొని కూల్చింది. కుటుంబాలు గోడ బయట కొత్తగా వెలసిన కాలనీలకు తరలిపోయాయి. 1957లో గోడనే పడగొట్టారు, ద్వారాలు మాత్రం మిగిలాయి. అల్ నకీబ్ ఈ కథను ప్రేమతోనూ కోపంతోనూ చెబుతుంది. ఆమె చూపే ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆ కొత్త కాలనీలు పౌరులకు మాత్రమే కేటాయించినవి. పరదేశులు హవల్లీ, సాల్మియా వంటి చోట్ల అద్దె ఇళ్ళలో చేరారు. ఎడారి తెగలవారికి ఇంకా దూరాన, నగర శివార్లలో ఇళ్ళు దొరికాయి. అంటే, ఎవరు ఎక్కడ నివసించాలో ప్రభుత్వం ముందు నిర్ణయించింది. ఎవరు ఎక్కడ ఓటు వెయ్యాలో ఆ తరువాత దానంతటదే నిర్ణయమయింది. మనవైపు ఊళ్ళో ఏ వీధి ఎవరిదో తెలిస్తే పెట్టె విప్పకముందే ఫలితం చెప్పేవాళ్ళుంటారు. కువైట్‌లో ఆ వీధులనే కాగితం మీద గీసి కట్టారు.

ఎన్నికలన్నవి చమురుకు ముందే ఉన్నాయి. 1938లో వ్యాపార కుటుంబాల పెద్దలు పధ్నాలుగుమందితో ఒక సభను ఎన్నుకున్నారు. ఆ ఏడాది పూర్తికాకుండానే పాలకుడు దాన్ని రద్దు చేశాడు. ఆ సభకు అధ్యక్షత వహించిన షేక్ అబ్దుల్లా అల్ సాలెమ్ తరువాత తానే పాలకుడయ్యాడు. 1961 జూన్ 19న స్వాతంత్ర్యం, అదే ఏడాది డిసెంబరులో రాజ్యాంగ సభకు ఎన్నికలు, 1962 నవంబరు 11న రాజ్యాంగం అన్నీ ఆయన కాలంలోనే. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడు ఒక వైద్యుడన్న సంగతి మా వృత్తివాళ్ళకు కొంచెం గర్వకారణం. డాక్టర్ అహ్మద్ అల్ ఖతీబ్ బేరూత్‌లో వైద్యం చదివి వచ్చిన తొలితరం కువైటీ. ఆయన అరబ్ జాతీయవాది. జీవితమంతా శాసనసభలోనో, దాన్ని తిరిగి తెరవమని అడిగే సభలలోనో గడిపి 2022లో మరణించాడు.

1963 జనవరిలో తొలి జాతీయసభ ఎన్నికలు జరిగాయి. పది నియోజకవర్గాలు, ఒక్కొక్కదానికి ఐదు స్థానాలు, మొత్తం యాభై. ఓటు ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన పురుష పౌరులకే. అందులోనూ 1920కి ముందునుంచీ ఇక్కడ స్థిరపడిన కుటుంబాలవారు మొదటి తరగతి పౌరులు. తరువాత పౌరసత్వం పొందినవారు ఓటుకోసం ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. సైనికులకూ పోలీసులకూ ఓటు లేదు. ఇక్కడ పాఠకులు ఒక విచిత్రం గమనించాలి. ఎన్నికైన యాభైమందితోబాటు మంత్రులు కూడా హోదారీత్యా సభ్యులే. మంత్రులపై అవిశ్వాసం మినహా తక్కిన వోట్లలో వారు పాల్గొంటారు. అందుచేత ఒక బిల్లు గెలుపోటములు ఓటరు నిర్ణయించిన యాభైమంది చేతిలో మాత్రమే ఉండవు. స్త్రీల ఓటుహక్కు విషయంలో ఈ లెక్క ఎంత ప్రాణాంతకమైనదో కాసేపట్లో చూద్దాం.

1967 ఎన్నికలలో పెద్దఎత్తున అక్రమాలు జరిగాయన్న ఆరోపణ ఇప్పటికీ కువైటీల జ్ఞాపకంలో ఉంది. 1971, 1975 ఎన్నికలు సాగాయి. 1976 ఆగస్టు 29న అమీరు సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నిలిపివేశాడు. తిరిగి ఎన్నికలు 1981 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో దేశపటం మారిపోయింది. పది నియోజకవర్గాల స్థానంలో ఇరవై ఐదు వచ్చాయి, ఒక్కొక్కదానికి రెండు స్థానాలు. ఈనాటి మూడో నియోజకవర్గం ఆనాటి ముక్కలలో కొన్నింటి కలయిక: ఏడోది కైఫాన్, తొమ్మిదోది రౌదా, పదోది అదైలియా, పదకొండోది ఖాల్దియా, పధ్నాలుగోది అబ్రక్ ఖైతాన్.

ఇరవై ఐదు ఎందుకన్న ప్రశ్నకు పుస్తకాలన్నీ దాదాపు ఒకే జవాబిస్తాయి. శివార్లలోని తెగల ఓటర్లు అప్పట్లో ప్రభుత్వానికి నమ్మకస్తులు. చిన్నచిన్న నియోజకవర్గాలు గీస్తే వారి స్థానాలు పెరుగుతాయి, నగరంలోని జాతీయవాదుల బలం పలుచబడుతుంది. రెండువేల ఓట్లున్నచోట అభ్యర్థి ప్రతి ఇంటి దివానియాకూ వెళ్ళి కూర్చోవచ్చు, ప్రతి కుటుంబానికీ ఏదో ఒక పని చేసిపెట్టవచ్చు. ఆస్పత్రిలో విదేశీ చికిత్సకు సిఫారసు, కొడుక్కి ఉద్యోగం, ఇంటిస్థలం. కువైట్‌లో ఇలాంటివారికి 'సేవల సభ్యుడు' అని పేరు. తెలుగునాట ఎమ్మెల్యే ఇంటిముందు తెల్లవారుజామున కనిపించే జనాన్ని చూసినవారికి వివరించనక్కరలేదు. లెక్క మాత్రం తరువాత తలకిందులయింది. శివార్ల తెగల యువతరం చదువుకుని, ఉద్యోగాలకోసం, ఇళ్ళకోసం, గౌరవంకోసం గొంతెత్తి, 2000 తరువాత ప్రతిపక్షానికి వెన్నెముకగా నిలిచింది. ఏ గీత ఎవరికి మేలు చేస్తుందో గీసినవాడికి ఇరవయ్యేళ్ళకు మించి తెలియదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

దివానియా గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోవడం కష్టం. ఇంటిని ఆనుకుని ప్రత్యేక ద్వారంతో ఉండే మగవారి కూటశాల అది. సాయంత్రం టీ, కాఫీ, పేకాట, రాజకీయం. రచ్చబండ అందామనిపిస్తుంది గాని, రచ్చబండ ఊరిది, దివానియా ఇంటిది. ఆ తేడావల్లే అది రాజకీయంగా బలమైనది. రాజకీయ పార్టీలకు చట్టబద్ధత లేని దేశంలో, సభల మీద ఆంక్షలున్న రోజులలో, ఇంట్లో అతిథులను కూర్చోబెట్టుకోవద్దని ఎవరూ అనలేరు. 1986 జూలై 3న సభ మళ్ళీ రద్దయింది. 1989 చివరిలో, రద్దయిన సభ్యులు వంతులవారీగా తమ దివానియాలలో సోమవారం సాయంత్రాలు జనాన్ని పిలిచారు. సభను తిరిగి తెరవమన్న ఆ ఉద్యమానికి ముందున్న మనిషి రద్దయిన సభకు అధ్యక్షుడు అహ్మద్ అల్ సాదూన్. ఖాల్దియావాడు.

సాదూన్ కథ మూడో నియోజకవర్గం కథలో సగం. 1934లో పుట్టాడు. 1975లో తొలిసారి సభలో అడుగుపెట్టాడు. 1985లో అధ్యక్షుడయ్యాడు. 1992, 1996 సభలకూ ఆయనే అధ్యక్షుడు. 1999లో జాసెమ్ అల్ ఖరాఫీ చేతిలో అధ్యక్ష పదవి పోయింది. మళ్ళీ 2012 ఫిబ్రవరిలో ఆ కుర్చీ ఎక్కి నాలుగు నెలల్లో దిగవలసివచ్చింది. 2022లో, ఎనభై ఏడేళ్ళ వయసులో, పన్నెండు వేలకు పైగా ఓట్లతో తిరిగి గెలిచి అధ్యక్షుడయ్యాడు. మన ఆంధ్ర రాజకీయాలలో ఇంత దీర్ఘకాలం ఇంత తక్కువ అధికారంతో ప్రజాభిమానాన్ని నిలుపుకున్న మనిషి ఎవరా అని ఆలోచించాను, చటుక్కున పేరు తట్టలేదు. మంత్రి కాకుండా, ప్రతిపక్షంలోనే, ఒక పేటను నమ్ముకుని అర్ధ శతాబ్దం.

1990 జూన్‌లో రాజ్యాంగంలో లేని ఒక సగం సభకు ఎన్నికలు పెట్టారు. యాభైమంది ఎన్నికైనవారు, ఇరవై ఐదుమంది నియమితులు. పాత సభ్యులు బహిష్కరించారు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 2న, ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ తరువాతి కథ మనవారికి ఇంకోరకంగా గుర్తు. సుమారు లక్షా డెబ్భై వేలమంది భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇల్లు చేరారు. రాయచోటి, రాజంపేట పల్లెలలో చేతిలో పెట్టె కూడా లేకుండా దిగిన మనుషుల కథలు ఇప్పటికీ వినవస్తాయి. అక్టోబరులో జెద్దాలో జరిగిన సమావేశంలో రాజకుటుంబం, ప్రతిపక్షం ఒక మాటమీదికి వచ్చాయి: దేశం విముక్తమైతే 1962 రాజ్యాంగాన్ని తిరిగి అమలు చేయాలి. ఆ మాట ప్రకారం 1992 అక్టోబరు 5న ఎన్నికలు జరిగాయి. టెట్రో పుస్తకంలో అత్యంత సజీవమైన అధ్యాయాలు ఈ కాలానివే. ఆమె ప్రచార గుడారాలలో తిరిగింది, అభ్యర్థులతో కూర్చుంది. అప్పటి ఓటర్లు మొత్తం ఎనభై ఒక్క వేల చిల్లర, అందరూ మగవారే. ఆక్రమణకాలంలో ప్రతిఘటనలో పాల్గొన్న స్త్రీలకు ఓటు లేదు.

1999 మేలో అమీరు సభను రద్దు చేసిన విరామంలో స్త్రీలకు ఓటుహక్కు ఇస్తూ శాసనం జారీ చేశాడు. నవంబరులో కొత్త సభలో స్త్రీల ఓటు ప్రతిపాదన రెండే రెండు వోట్ల తేడాతో, 32-30తో, ఓడిపోయింది. హక్కు ఇవ్వాలన్నది పాలకుడు, వద్దన్నది ప్రజలెన్నుకున్న సభ! ప్రజాస్వామ్యం మీద గుడ్డి నమ్మకమున్నవారు ఈ ఘట్టం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవాలి. తిరిగి 2005 మే 16న, 35-23తో, ఆ హక్కు లభించింది. మంత్రులకు సభలో ఓటు లేకపోతే ఆనాడు కూడా గెలిచేది కాదు. నేను ముందు చెప్పిన లెక్క ఇదే.

ఓటు వచ్చింది గాని గెలుపు రాలేదు. 2006లోనూ, 2008లోనూ ఒక్క స్త్రీ కూడా నెగ్గలేదు. 2006 ఎన్నికల వెనుక కథ వేరు. ఆ వసంతంలో యువకులు నారింజరంగు జెండాలతో వీధుల్లోకి వచ్చారు. వారి నినాదం 'నబీహా ఖమ్సా', అంటే 'మాకు ఐదే కావాలి'. ఇరవై ఐదు చిన్న నియోజకవర్గాలు ఓట్ల కొనుగోలుకు అనువైనవి, ఐదు పెద్దవైతే కొనడం కష్టమన్నది వారి వాదం. ఒక దేశపు యువతరం నియోజకవర్గాల పునర్విభజన కోసం ఉద్యమించడం నాకు తెలిసి అరుదైన విషయం. సభ రద్దయింది, జూన్ 29న పాత పటంమీదనే ఎన్నికలు జరిగాయి, గెలిచినవారు జూలైలో ఐదు నియోజకవర్గాల చట్టం చేశారు. ఒక్కో ఓటరుకు నాలుగేసి ఓట్లు.

అలా పుట్టిన మూడో నియోజకవర్గం 2009 మే 16న చేసిన పని ఏ రాజకీయ శాస్త్రవేత్తకూ ముందుగా అంతుపట్టలేదనుకుంటాను. ఆ రోజు దేశం మొత్తంమీద నలుగురు స్త్రీలు గెలిచారు: మొదటి నియోజకవర్గంలో మసూమా అల్ ముబారక్, రెండోదానిలో సల్వా అల్ జస్సార్, మూడోదానిలో ఏకంగా ఇద్దరు, అసీల్ అల్ అవదీ, రోలా దష్తీ. నలుగురూ అమెరికాలో డాక్టరేట్లు పుచ్చుకున్నవారు. అసీల్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించేది, రోలా ఆర్థికవేత్త. అయితే అదే నియోజకవర్గం అదే రోజు ఖాల్దియా సాదూన్‌నూ, కైఫాన్‌కు చెందిన ఇస్లామిక్ వాది వలీద్ అల్ తబతబాయీనీ కూడా గెలిపించింది. ఇదెలా సాధ్యం? నాలుగు ఓట్ల మహిమ. ఒక ఓటు బంధువుకు, ఒకటి నమ్మకానికి, ఒకటి మొహమాటానికి పోగా, నాలుగోది మనసుకు నచ్చినవారికి మిగులుతుంది. అసీల్‌గాని రోలాగాని తలపై ముసుగు వేసుకోరు. అది చట్టవిరుద్ధమని ఒక పౌరుడు న్యాయస్థానానికి వెళ్ళాడు. అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది.

ఆ నాలుగు ఓట్లు ఎక్కువకాలం బతకలేదు. 2011 నవంబరులో అవినీతి ఆరోపణల నేపథ్యంలో నిరసనకారులు సభాభవనంలోకి చొరబడ్డారు. 2012 ఫిబ్రవరి ఎన్నికల్లో ప్రతిపక్షానికి స్పష్టమైన ఆధిక్యం వచ్చింది, స్త్రీలెవరూ గెలవలేదు. జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఎన్నికనే కొట్టివేసింది. అక్టోబరులో అమీరు శాసనం వచ్చింది: ఇకపై ఒక్కరికి ఒక్కటే ఓటు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ప్రపంచమంతటా జనం అడిగేది అదే కదా. కాని పది స్థానాలున్న చోట ఒక్క ఓటు అంటే వేరే సంగతి. నాలుగు ఓట్లుంటే రెండు మూడు వర్గాలు ఒప్పందం చేసుకుని ఓట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు, కూటమి కట్టవచ్చు. ఒక్క ఓటుంటే అన్న ఓటు తమ్ముడికి పడదు. ఒకరికి పన్నెండు వేలు వచ్చినా గెలిచేది ఒక్క స్థానమే, మిగులు ఓట్లు ఎవరికీ చెందవు. రెండు మూడు వేలు వచ్చినవాడికీ అదే ఒక్క స్థానం. ప్రతిపక్షం బహిష్కరించిన 2012 డిసెంబరు ఎన్నికలలో దాదాపు నలభై శాతమే ఓట్లు పోలయ్యాయి. మరుసటి జూన్‌లో న్యాయస్థానం ఆ సభనూ రద్దు చేసి, ఒక్క ఓటు పద్ధతిని మాత్రం సమర్థించింది.

మూడో నియోజకవర్గం కొత్త పద్ధతిలో ఎన్నుకున్నవారిలో సఫా అల్ హాషెమ్ ఒకరు. 2012 డిసెంబరులో, 2013లో గెలిచింది, 2014లో రాజీనామా చేసింది, 2016లో సభకు ఎన్నికైన ఏకైక స్త్రీగా తిరిగి వచ్చింది. ఆమె పేరు మా ఆస్పత్రి విశ్రాంతిగదిలో టీ తాగుతున్న ఏ భారతీయ నర్సునడిగినా చెబుతుంది. పరదేశులు పంపే డబ్బుమీద పన్ను, వారి వైద్యసేవలపై అదనపు రుసుము వంటివి ఆమె ప్రచారానికి ఇరుసు. రోడ్లమీద నడిచినందుకు కూడా వారి దగ్గర వసూలు చేయాలన్నంత దూరం వెళ్ళిందని పత్రికలు రాశాయి. నాకు ఇందులో కోపంకన్నా కుతూహలం ఎక్కువ. ఖైతాన్ సందులలో కిక్కిరిసిన గదులు, ఖాల్దియా విశాలమైన ఇళ్ళు ఒకే నియోజకవర్గంలో ఉన్నాయి. ఓట్లు మాత్రం రెండో రకం ఇళ్ళవే. మొదటి రకం గదుల మనిషి ప్రచారంలో ఓటరు కాదు, అంశం.

హెర్బ్ పుస్తకం ఈ సందర్భంలో బాగా ఉపయోగపడింది. ఆయన ప్రశ్న సూటిగా ఉంటుంది: దుబాయ్ ఎందుకు అలా పెరిగింది, కువైట్ ఎందుకు పెరగలేదు? జవాబు శాసనసభ అంటాడు. కువైట్‌లో పౌరులలో అత్యధికులు ప్రభుత్వోద్యోగులు. వారి ఓట్లతో గెలిచిన సభ జీతాలు, అలవెన్సులు, రాయితీలు కాపాడుతుంది. పరదేశ కూలీలతో నడిచే ప్రైవేటు వ్యాపారం పెరిగినా పెరగకున్నా ఆ ఓటరుకు ఒరిగేది కొంచెం. దుబాయ్‌లో వ్యాపారికి అడ్డుచెప్పే సభ లేదు. ఈ వాదం పూర్తిగా మింగుడుపడదు. చమురు ధర, యుద్ధం, పొరుగుదేశాల భయం వంటివాటికి హెర్బ్ ఇచ్చిన చోటు చాలదనిపిస్తుంది. కాని వలసదారు పక్కనుంచి చదివితే ఒక చేదునిజం పట్టుబడుతుంది. ప్రజాప్రాతినిధ్యం బలపడేకొద్దీ ప్రాతినిధ్యంలేని వారికి అది మేలే చేస్తుందన్న హామీ ఏదీ లేదు. 2020 వేసవిలో భారతీయుల సంఖ్యను పౌరుల జనాభాలో పదిహేను శాతానికి పరిమితం చేయాలన్న ప్రతిపాదన సభా సంఘం దాకా వెళ్ళింది. అది ఆ రూపంలో చట్టం కాలేదు గాని, ఆ నెలలలో మనవారి గదులలో నిద్రలేని రాత్రులు చాలా గడిచాయి.

అయితే అదే సభ 2015 జూన్‌లో ఇళ్ళలో పనిచేసేవారికోసం 68వ నంబరు చట్టాన్ని ఆమోదించింది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏటా ముప్ఫై రోజుల జీతంతో కూడిన సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం. గల్ఫ్ దేశాలలో ఇది ముందడుగు. ఖాదిమ్ వీసామీద కడపనుంచి, గోదావరి జిల్లాలనుంచి వచ్చిన వేలాది స్త్రీలకు సంబంధించిన చట్టం. వారిలో ఒక్కరికీ ఆ సభ్యులను ఎన్నుకునే హక్కు లేదు. చట్టం అమలు ఎలా ఉన్నదన్నది వేరే కథ. లోంగ్వా 1997లోనే కఫీల్ పద్ధతిని విప్పిచెబుతూ, పౌరుడికీ పరదేశికీ మధ్య గోడ చట్టపుస్తకంలోకంటె ఇంటిలోపల ఎత్తుగా ఉంటుందని చూపింది. ఆ పుస్తకం తెలుగులోకి రావలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఇప్పుడు అంకెలను ఒకసారి మనవైపు తిప్పి చూద్దాం. 2020 ఎన్నికల నాటికి కువైట్ ఓటర్లు మొత్తం 5 లక్షల 67 వేలు. రెండో నియోజకవర్గంలో 65 వేలకు లోపు, మూడోదానిలో లక్షకు కాస్త ఎక్కువ, ఐదోదానిలో లక్షా 66 వేలు. అన్నిటికీ పదేసి స్థానాలే. అంటే శివారు ఓటు విలువ నగరపు ఓటు విలువలో సగం కూడా లేదు. మరి రాజంపేట లోక్‌సభ నియోజకవర్గం ఒక్కదానిలోనే ఓటర్లు పదిహేను లక్షలు దాటుతారు. వారందరికీ ఒకే సభ్యుడు.

రాజంపేట పేరు ఎందుకు తెచ్చానో కువైట్‌లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. శుక్రవారం మాలియాకు వెళ్తే రాజంపేట, రాయచోటి, కోడూరు, పీలేరు అన్నీ అక్కడే కనిపిస్తాయి. 1957లో విశ్వనాథరెడ్డి, 1962లో స్వతంత్ర పార్టీకి చెందిన సి.ఎల్. నరసింహారెడ్డి గెలిచిన నియోజకవర్గమది. 1967నుంచి వరుసగా నాలుగుసార్లు పోతురాజు పార్థసారథి, 1984 తెలుగుదేశం గాలిలో పాలకొండ్రాయుడు, 1989నుంచి నాలుగు పర్యాయాలు సాయిప్రతాప్, 1999లో గునిపాటి రామయ్య, తిరిగి 2004లో, 2009లో సాయిప్రతాప్, 2014నుంచి మూడుసార్లు మిథున్‌రెడ్డి. అక్కడ కూడా గీతలు మారాయి. 2008 పునర్విభజన తరువాత నాటి చిత్తూరు జిల్లా పడమటి నియోజకవర్గాలు పీలేరు, మదనపల్లె, పుంగనూరు, తంబళ్ళపల్లె ఇందులో ఉన్నాయి.

ఈ జాబితా పొడుగునా గల్ఫ్ వలస సమాంతరంగా సాగింది. ఆ ఊళ్ళనుంచి వచ్చిన మనుషుల పేర్లు జాబితాలో ఉంటాయి, మనుషులు ఉండరు. 2010 సవరణతో ప్రవాస భారతీయులకు ఓటుహక్కు వచ్చినమాట నిజమే. అయితే పోలింగునాడు స్వయంగా ఊళ్ళో హాజరై వేయాలి. 2019లో దేశం మొత్తంమీద అలా వేసినవారు సుమారు పాతికవేలమంది, వారిలో అత్యధికులు కేరళవారే. ప్రతినిధిద్వారా ఓటు వేసే అవకాశమిచ్చే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, రాజ్యసభకు చేరక మురిగిపోయింది. ఖాదిమ్ వీసామీద ఉన్న మనిషి రెండేళ్ళకొకసారి దొరికే సెలవును పోలింగు తేదీతో ఎలా సరిపెట్టగలడు? కువైట్‌లో తెలుగు పార్టీల అభిమాన సంఘాలు ఫ్లెక్సీలు కట్టి, నాయకుల పుట్టినరోజులకు కేకులు కోసి, రాత్రంతా టీవీలముందు కూర్చోవడం చూసి మా మిత్రులు కొందరు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఓటు వేయలేని మనిషి ఎన్నికలో పాల్గొనడానికి మిగిలిన దారి అదొక్కటే.

2022లో కువైట్ ఓటర్ల జాబితాను పౌర గుర్తింపు కార్డులోని చిరునామాతో ముడిపెట్టారు. అంతకుముందు గెలుపుకోసం బంధువుల ఓట్లను ఒక నియోజకవర్గంనుంచి మరొకదానికి తరలించే అలవాటుండేది. కొత్త పేటలను నియోజకవర్గాలలో చేర్చడంతో ఓటర్ల సంఖ్య దాదాపు ఎనిమిది లక్షలకు పెరిగింది. ఆ ఎన్నికలో మూడో నియోజకవర్గం సాదూన్‌తోబాటు జనాన్ బుషెహ్రీని ఎన్నుకుంది. ఆమె 2019లో ప్రజాపనుల మంత్రిగా సభలో నిలదీతను ఎదుర్కొంటూ అక్కడే రాజీనామా ప్రకటించిన మనిషి. 2023 మార్చిలో న్యాయస్థానం ఆ ఎన్నికనూ కొట్టివేసింది. జూన్‌లో మళ్ళీ జరిగాయి, బుషెహ్రీ మళ్ళీ గెలిచింది. 2024 ఏప్రిల్ 4న ఇంకోసారి జరిగాయి, ఇంకోసారి గెలిచింది. చివరి రెండు సభలలోనూ ఆమె ఒక్కతే స్త్రీ. పందొమ్మిది నెలల్లో మూడు ఎన్నికలు.

2024 మే 10, శుక్రవారం రాత్రి అమీరు షేక్ మిషాల్ దూరదర్శన్‌లో ప్రసంగించి, సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించని కాలానికి నిలిపివేస్తున్నట్టు ప్రకటించాడు. ఏప్రిల్‌లో గెలిచినవారు ప్రమాణస్వీకారం కూడా చేయలేదు. మూడు రోజులకు, మే 13న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు. ఆ వారాంతం మాలియాలో ఎవరి చేతిలో చూసినా ఫోనుంది, ఫోనులో రాజంపేట ఉంది. ఆ తరువాతి నెలలలో వేలాదిమంది పౌరసత్వాలు రద్దయ్యాయి. వారిలో పెళ్ళిద్వారా పౌరులైన స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

టెట్రో పుస్తకం 2000 దగ్గర ఆగుతుంది, హెర్బ్ 2014 దగ్గర. తరువాతి అధ్యాయం ఇంకా ఎవరూ రాయలేదు. అమీరు ప్రకటించిన నాలుగేళ్ళ గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. సాదూన్‌కు అప్పటికి తొంభై నాలుగేళ్ళు నిండవస్తాయి.